తెర మీద తెల్ల రుమాలు

కీడెంచి మేలెంచమంటారు. ఓజెల్లా టాలీ మాత్రం ఎన్నడూ మేలుదాకా వెళ్లలేదు. కీడు దగ్గరే ఆగిపోయేది. ఫోను మోగితే ఆసుపత్రి నుంచే అనుకునేది. మోగకపోతే ఆసుపత్రివాళ్లకు తన నంబరు దొరకలేదేమో అనుకునేది. వీధిలో సైరన్ వినపడితే చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పోయి, ఆ బండి తమ మలుపు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడేది. అమెరికాలోని డేటన్ ఊరి పడమటి పేటలో ఆమె సంగతి తెలియనివాళ్లు లేరు. ఓజెల్లా గొడుగు పట్టుకొచ్చిన రోజున వానకి కూడా రావడానికి భయమేనని ఆమె స్నేహితురాలు యూలా నవ్వేది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఒక్కగానొక్క కొడుకు వెండెల్‌ది పుట్టుకతో వచ్చిన సికిల్ సెల్ జబ్బు. నెత్తురులోని కణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవళ్లలా వంగిపోతాయి. చలి తగిలినా, ఒళ్లు అలిసినా, నీళ్లు తక్కువైనా అవి ఒకదానికొకటి చిక్కుకుని నెత్తురు పారే దారి మూసేస్తాయి. ఆ నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు వెండెల్‌కు నాలుగేళ్లు. ఏడవలేదు. ఎడమ భుజం కిందికి వేలాడేసి, కింది పెదవి పళ్లమధ్య నొక్కిపెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూటనుంచి ఓజెల్లా ఆ భుజాన్ని కనిపెట్టుకునే బతికింది. అన్నం పెట్టేటప్పుడు భుజం, బడినుంచి వచ్చేటప్పుడు భుజం, నిద్రపోయేటప్పుడు కూడా దుప్పటి తీసి భుజమే చూసేది.

అలాంటి పిల్లాడు బంతి ఆడలేడు, చెరువులో దూకలేడు. కూర్చున్నచోట ఆడుకునే ఆట ఏదైనా ఉందా అని వెతికితే, తాము వెళ్లే గిలియడ్ చర్చిలో మూలనున్న డ్రమ్ములు కనబడ్డాయి. ఆరేళ్ల కొడుకుని వాటి వెనక కూర్చోబెట్టింది ఓజెల్లాయే.

గిలియడ్ చర్చిలో దేవుణ్ని గుసగుసగా పిలిచే అలవాటు లేదు. పియానో, టాంబరిన్లు, డ్రమ్ములు, వందమంది చప్పట్లు. ఆత్మ పూనిందంటే మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లు కూడా చెప్పులు ఊడిపోయేలా గంతులేస్తారు. వాయించేవాళ్లకు ఆపడం తెలియదు, ఆడేవాళ్లకు అలుపు తెలియదు. అందుకే ముందు బెంచీలో తెల్లబట్టలు కట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంటుంది. ఆమెను మదర్ అంటారు, సంఘానికంతటికీ తల్లి అని. ఆ స్థానం ఓజెల్లాది. నిండుచూలాలు తూలినా, గుండెజబ్బు మనిషి మొహం పాలిపోయినా, మదర్ లేచి నిలబడి తెల్ల రుమాలు తలపైకెత్తి కదలకుండా పట్టుకుంటుంది. కదలకుండా పట్టుకోవడమే ముఖ్యం. రుమాలు ఊపితే అది సంతోషం, ఆదివారమంతా అందరూ ఊపుతూనే ఉంటారు. నిలిచిన రుమాలుకు అర్థం ఇక చాలు, దించండి అని. ముందు డ్రమ్ము తగ్గుతుంది, దాని వెంట పియానో, దాని వెంట కాళ్లు. ఈ సంగతి వెండెల్‌కు ఒకరు చెప్పింది కాదు. అమ్మ చేతిని చూస్తూ పెరిగాడు, అంతే. భయపడడమే పనిగా ఉన్న మనిషికి దేవుడే చూసి ఇచ్చిన ఉద్యోగమిది అనేది యూలా. అందులో ఎగతాళి సగమే.

మీసం చిక్కబడ్డాక వెండెల్ చర్చి డ్రమ్ములు వదిలేశాడు. హోరేస్ మింటర్ నడిపే థర్డ్ స్ట్రీట్ ఫర్నెస్ అనే ఫంక్ బ్యాండులో చేరాడు. చర్చి దరువులోంచి దేవుణ్ని బయటికి తోసేసి ఆ ఖాళీలో నడుము పెట్టారు, దాన్నే ఫంక్ అంటున్నారని సంఘకాపరి ఎల్డర్ పెటిగ్రూ ఆదివారం ప్రసంగంలోనే అన్నాడు. ఎవరి కొడుకు గురించో అందరికీ అర్థమైంది. అందరూ ముందు బెంచీ వైపు చూడకుండా ఉండడానికి కష్టపడ్డారు. గిలియడ్ సంఘంలో పవిత్రత పొందినవాళ్లు లోకపు పాటకు కాలు కదపరు, ఆ పాట వాయించే హాలులో అడుగు పెట్టరు. మదర్ అయితే మరీను.

కాబట్టి ఓజెల్లా కొడుకు వాయిద్యం బయట ఎన్నడూ వినలేదు. వాడు ఇంటికి రాగానే తిన్నావా, నీళ్లు తాగావా, చెమట మీద గాలికి తిరిగావా అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది. వెండెల్ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. ఒకసారి మాత్రం బూట్ల తాళ్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఎన్ని నీళ్లు తాగావని అడుగుతావు. ఎలా వాయించావని ఒక్కసారన్నా అడగవేం అమ్మా?"

ఆమె వాడి మెడకు మఫ్లరు చుట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

డెబ్బై నాలుగు జనవరిలో న్యూయార్కు నుంచి సినిమావాళ్లు దిగారు. మింటర్ బ్యాండు కచేరీని మొదటినుంచి చివరిదాకా కెమెరాల్లో పట్టి దేశమంతా సినిమాహాళ్లలో వేస్తారట. నది పక్కనున్న పాత హాలు తీసుకున్నారు. వరసగా రెండు రోజులు, రెండు కచేరీలు. బ్యాండువాళ్లందరికీ ఒకే రకం ఎర్ర చొక్కాలు కుట్టించారు. వెండెల్ ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఒక్కసారి రమ్మని తల్లిని అడిగాడు. రానంది. వాడు బతిమాలలేదు. బతిమాలి ఉంటే ఆమెకు ఇంకోసారి రానని అనడం తేలికయ్యేది.

ఆ పొద్దున రేడియోలో చలి ఇంకా ముదురుతుందని, నది అంచులు గడ్డకట్టాయని చెప్పారు. ఓజెల్లా మనసులో అప్పటికే వాడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. మధ్యాహ్నానికల్లా కోడి ఎముకల చారు కాచి ఫ్లాస్కులో పోసింది, ఉన్ని బనీను మడిచి సంచిలో పెట్టింది, యూలా ఇంటి తలుపు కొట్టింది. తాను పాట వినడానికి పోవడం లేదని, చలిని కనిపెట్టడానికి పోతున్నానని చెప్పుకుంది.

"నాకెందుకే సంజాయిషీ? నరకానికి పోతే పోదాం పద. అక్కడన్నా వెచ్చగా ఉంటుంది," అని యూలా కోటు తగిలించుకుంది.

హాలులోకి వెళ్లగానే జనమంతా దీపాలు చూశారు. ఓజెల్లా తలుపు చూసింది. సినిమావాళ్ల లారీ బయట నిలిచి ఉంది. దాన్లోంచి చెయ్యి లావు కరెంటు తీగలు స్టేజీ వెనక తలుపులోంచి లోపలికి పాకాయి. వాటివల్ల తలుపు మూసుకోవడం లేదు. ఆ సందులోంచి నదిగాలి తిన్నగా వస్తోంది. దానికి ఎదురుగా, వీపు తలుపుకు పెట్టి, వెండెల్ డ్రమ్ములు. ముందునుంచి దీపాల వేడికి చెమట, వెనకనుంచి గడ్డకట్టే గాలి. వీడి నెత్తురుకు ఇంతకంటే శత్రువు అక్కర్లేదు.

తీగలు చుడుతున్న మనిషిని తలుపు మూయమని అడిగింది. మూస్తే దీపాలు ఆరిపోతాయమ్మా అని నవ్వాడు. మింటర్‌ను వెతుక్కుంటూ పోయింది. ఊదారంగు సూటులో, అద్దం ముందు జుట్టు సర్దుకుంటున్నాడు మింటర్. మాట నెమ్మది, మనిషి మంచివాడే.

"మదర్, మీ వాడు లేకపోతే నాకు బ్యాండెక్కడిది? వాడికి చలి తగలనిస్తానా?" అన్నాడు. అనడమే కాదు, అప్పటికప్పుడు ఆ తలుపుకు దళసరి దుప్పటి కట్టించాడు. ఓజెల్లా తన కుర్చీలోకి వచ్చి కూర్చునేసరికి గడ్డం దర్శకుడు వచ్చి, ఆ దుప్పటి కెమెరాలో అసహ్యంగా కనబడుతోందని తీయించేశాడు.

పాట మొదలైంది. కొడుకు దరువు తెలిసిన దరువే, కానీ ఇంత పెద్దదిగా ఉంటుందని ఆమె అనుకోలేదు. బేస్ గిటారు ఒక దారిన పోయేది, బాకాలు ఇంకో దారిన, మింటర్ గొంతు మరో దారిన. ఎవరెంత దూరం పోయినా వెండెల్ కాలు వేసే మొదటి దెబ్బ దగ్గరికి అందరూ తిరిగొచ్చి తీరాల్సిందే. ఊరంతా తిరిగే పిల్లల్ని దీపం వేళకు ఇంటికి పిలిచినట్టు పిలుస్తున్నాడు వాడు. ఇదంతా నా కొడుకు పిలుపేనా అనుకుంది. అనుకుని కిందికి చూస్తే తన కుడికాలు కదులుతోంది. ఎడమకాలితో దాన్ని తొక్కిపెట్టింది. యూలా చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆఖరి పాట అయిపోయాక జనం కుర్చీలెక్కి కేకలు పెడుతుంటే దర్శకుడు స్టేజీ మీదికి వచ్చి మింటర్ చెవిలో ఏదో చెప్పాడు. పాట మధ్యలో ఒక కెమెరాలో రీలు అయిపోయిందట. ఆ పాటే మళ్లీ మొదటినుంచి వాయించాలట. మింటర్ జనంవైపు తిరిగి మీరు అలిసిపోయారా అని అడిగాడు. హాలు పైకప్పు లేచిపోయేలా లేదన్నారు. డ్రమ్ముల వెనకున్నవాణ్ని ఎవరూ అడగలేదు.

కొత్త రీలు ఎక్కించేదాకా బ్యాండు కదలకుండా ఉన్నచోటే ఉంది. చెమటతో తడిసిన ఎర్రచొక్కా మీద నదిగాలి కొడుతోంది. ఓజెల్లా ఫ్లాస్కు పట్టుకుని ముందుకు పోయింది. స్టేజీ ముందు కట్టిన తాడు దగ్గరున్న మనిషి దాటనివ్వలేదు. నేను వాడి తల్లిని అంది. ఇక్కడున్న ఆడవాళ్లందరూ అదే అంటున్నారు అన్నాడతను. చుట్టూ నవ్వులు. తిరిగొచ్చి కూర్చుంది.

మింటర్ బ్యాండులో ఒక కట్టుబాటుంది. ఆయన పిడికిలి పైకి లేచి కిందికి దిగేదాకా ఎవరి చెయ్యీ ఆగకూడదు. తీగ తెగినా, పెదవి చిట్లినా సరే. రెండోసారి పాట సగానికి వచ్చేసరికి ఓజెల్లాకు ఆ భుజం కనబడింది. ఎడమ భుజం, ఒక్క వేలెడు కిందికి. దీపాల వల్ల అలా కనబడుతోందేమో, తన కళ్లకు ఎప్పుడూ కీడే కనబడుతుంది కదా అని తనకు తాను చెప్పుకుంది. ఇంతలో వెండెల్ కింది పెదవి పళ్లమధ్యకు పోయింది.

ఇక ఆమె ఆగలేదు. కుర్చీ ఎక్కింది. యూలా నడుము పట్టుకుంది. చేతిసంచిలోంచి తెల్ల రుమాలు లాగి, చెయ్యి ఎంత పొడుగుంటే అంత పైకెత్తి పట్టుకుంది. వాడు చూడాలి. ఒక్కసారి ఇటు చూస్తే చాలు. ఆరేళ్లప్పటినుంచి ఆ రుమాలు చూసి ఆపినవాడు, ఎవరి పిడికిలి ఎక్కడున్నా ఆపేస్తాడు. దేవుడా, వాడి కళ్లు ఇటు తిప్పు అనుకుంది.

వాడి కళ్లు ఇటు తిరిగాయి. అన్ని తలల మధ్య వాడు తల్లిని పోల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె వెనక వరసలో ఎవడో తన జేబురుమాలు తీసి గాల్లో ఊపాడు. వాడి పక్కవాడు ఊపాడు. ఆడవాళ్లు తలగుడ్డలు విప్పారు. చూస్తుండగానే హాలంతా తెల్లగా ఎగసిపడింది. ఒక కెమెరా మొహం తిప్పుకుని ఓజెల్లా ముందుకొచ్చి నిలబడింది. వెండెల్ మొహం విచ్చుకుంది. పెదవి పళ్లనుంచి జారి నవ్వయింది. కర్రలు తల మీదికి లేచి అంతకుముందు కంటే గట్టిగా పడ్డాయి. జనం ఊపు చూసి మింటర్ ఎత్తబోయిన పిడికిలి వెనక్కి తీసుకుని, పాటను మళ్లీ మొదటి మలుపుకు తిప్పాడు.

ఎట్టకేలకు ఆ పిడికిలి దిగింది. అందరూ వంగి దండం పెడుతుంటే వెండెల్ పీట మీదనుంచి లేవలేదు. కాసేపటికి పక్కకు ఒరిగి, ఇత్తడి తాళాలను మీదికి లాక్కుంటూ పడిపోయాడు. ఆ చప్పుడు కూడా కచేరీలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నెత్తురు మెదడులో దారి మూసేసిందని ఆసుపత్రిలో చెప్పారు. ప్రాణం నిలిచింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. కొన్ని వారాల తర్వాత కాలు కొంచెం తిరిగొచ్చింది, చెయ్యి రాలేదు. మాట వచ్చింది గానీ ఒక్కో ముక్కా వెతుక్కుని తెచ్చినట్టు వచ్చేది. మింటర్ ఒకసారి పెద్ద కేకు పట్టుకుని చూడడానికి వచ్చాడు. టోపీ చేతుల్లో తిప్పుతూ కూర్చుని, రెండో రోజు కచేరీకి కొలంబస్ ఊరి కుర్రాణ్ని ఒకణ్ని డ్రమ్ములకు పిలవాల్సి వచ్చిందని చెప్పాడు. వెండెల్ లాంటివాడు దొరకడన్నాడు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, సినిమా మొత్తానికి మీదే అసలు దృశ్యమని అందరూ అంటున్నారు మదర్ అన్నాడు. మంచిమాట చెబుతున్నాననే అనుకున్నాడు. ఓజెల్లా తలుపేసుకుంది.

ఆకులు రాలే కాలానికి ఆ సినిమా వెస్ట్ థర్డ్ స్ట్రీట్ హాలుకు వచ్చింది. వెండెల్ పోదామన్నాడు. జనంలో పడిపోతావంది, చలిగాలంది, మెట్లంది. నువ్వు రాకపోతే ఒక్కణ్నే కర్ర వేసుకుని పోతానన్నాడు. కచేరీకే పోయినదానికి సినిమా ఒక లెక్కా అనుకుని, పగటి ఆటకు తీసుకెళ్లింది. జనం తక్కువ ఉంటారనుకుంటే సగానికి పైగా నిండింది.

తెర మీద కొడుకు చేతులు గది అంత పెద్దవిగా కనబడ్డాయి. రెండు చేతులూ. ఆమె కళ్లు దించుకుంది. పక్కన వెండెల్ ఎడమచెయ్యి తొడ మీద దరువు వేస్తోంది, కుడిచెయ్యి ఒళ్లో పెట్టిన చోటే ఉంది. రెండోసారి వాయించిన ఆఖరి పాట వచ్చింది. హాలులో అందరూ కదిలి సర్దుకున్నారు, అంటే ఆ దృశ్యం గురించి ముందే విని వచ్చారన్నమాట. తెర నిండా ఓజెల్లా మొహం లేచింది. ఆ పైన చెయ్యి. చేతిలో రుమాలు.

అది ఊగుతోంది.

తాను కదలకుండా పట్టుకుంది. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పగలదు. ఇన్నేళ్లుగా ఏ ఆదివారమూ ఆ చెయ్యి వణకలేదు. మరి తెరమీద రుమాలు గాలికి కొట్టుకున్నట్టు రెపరెపలాడుతోంది. భుజం దగ్గర మొదలైన వణుకు మోచేతికి, మణికట్టుకు పాకి, చివరికి బట్టలో సంబరమైపోయింది. పరాయివాళ్ల పిల్లల కోసం రాయిలా నిలిచిన చెయ్యి సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి నిలవలేదు. బతుకంతా ఏ భయాన్ని కాపలా పెట్టుకుందో, ఆ భయమే తలుపు తీసింది. ఆ మొహం కూడా ఏడుపు మొహమే, కానీ ఆ దీపాల్లో, ఆ పాట మీద, దాన్ని ఎవరు ఏడుపనుకుంటారు?

ఆ తర్వాత తెల్ల రుమాళ్లు. ఆ తర్వాత పిడికిలి దిగింది. అందరూ వరసగా నిలబడి దండం పెట్టారు. ఎర్రచొక్కా వేసుకుని చివర నిలబడి నవ్వుతున్నవాడు కొలంబస్ కుర్రాడు. రెండో రోజు ముక్క తెచ్చి అక్కడ అతికించారు. ఆ సినిమాలో ఎవరూ పడిపోలేదు. దీపాలు వెలిగాయి, జనం చప్పట్లు కొట్టి కోట్లు వెతుక్కున్నారు.

వెండెల్ లేవలేదు.

"అమ్మా, ఈ మాట నీకు చెప్పాలని ఎన్నాళ్లనుంచో," అన్నాడు. ఒక్కో మాటా వెతుక్కుంటున్నాడు. ఆమె తొందరపెట్టలేదు. "రెండోసారి సగంలోనే నా చెయ్యి పోయింది. మంట. ఆపేద్దామనుకున్నా. మింటర్ తిడితే తిట్టనీ అనుకున్నా. అప్పుడు నువ్వు కనబడ్డావు. కుర్చీ మీద. నాకోసం రుమాలు ఊపుతూ." నవ్వాడు. ఇప్పుడా నవ్వు సగం మొహానికే వస్తుంది. "నా పాటకు నువ్వు ఊపడం పుట్టాక అదే మొదటిసారి చూడ్డం. ఇంక ఎలా ఆపను?"

ఓజెల్లా నోరు తెరిచింది. నోట్లో ఉన్న మాట వాడి మొహం మీద పడితే ఏమవుతుందో కనబడింది. ఆమెకు కీడు ఎప్పుడూ ముందే కనబడుతుంది.

"బాగా వాయించానా?" అన్నాడు వెండెల్.

"బాగా వాయించావు నాయనా."

గిలియడ్ సంఘంవాళ్లు సినిమాలకు వెళ్లరు. అయినా వారం తిరిగేసరికి చూడకుండానే అందరూ చూశారు. కొడుకు మంచాన పడే గడియలో తల్లి కుర్చీ ఎక్కి గంతులేసిందన్నారు. తెల్లబట్టల కింద ఇన్నాళ్లూ ఏముందో కెమెరా బయటపెట్టిందన్నారు. ముందు బెంచీలో ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్లు చెరో చివరికి జరిగారు. ఎల్డర్ పెటిగ్రూ ఆమెను పిలిపించి, ఆదివారం సంఘం ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలన్నాడు. ఆయన కఠినుడు కాడు. పశ్చాత్తాపం ఒక్క మాటలో చెబితే క్షమించేస్తామని, మీ స్థానం మీకే ఉంటుందని మెల్లగా సర్దిచెప్పాడు.

యూలా శనివారం వచ్చి వంటింట్లో కూలబడింది. "రేపు నేను లేచి చెబుతా. నీ నడుము పట్టుకున్నదాన్ని నేను. ఆపమని ఎత్తావని నాకు తెలుసు, పైనున్నవాడికి తెలుసు."

"పైనున్నవాడికి తెలిసింది చాలు. నువ్వు మాట్లాడకు."

"నీకేమన్నా పిచ్చా? ముందు బెంచీ పోతుందే. చచ్చాక నిన్ను తెల్లబట్టల్లో కూడా పంపరు."

"గిలియడ్‌లో పొద్దున అన్న మాట సాయంత్రానికి వాడి చెవిలో ఉంటుంది," అంది ఓజెల్లా. "ఆపమంటే ఆపకుండా తన చెయ్యి తానే పోగొట్టుకున్నానని వాడికి తెలియాలా? వాడికి మిగిలింది నా రుమాలొకటే యూలా. అదీ లాక్కోమంటావా?"

యూలా చేతికందిన చీపురు పుల్లను ముక్కలుగా విరిచి, కోటు తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె అనుకోనిది జరిగింది. పాటలయ్యాక వెనక తలుపు తెరుచుకుని, కర్ర చప్పుడుతో వెండెల్ వచ్చాడు. చర్చి వదిలేశాక వాడు ఈ గడప తొక్కడం ఇదే మొదటిసారి. అమ్మను నిలదీస్తున్నారని ఎవరో చెప్పి ఉంటారు. చివరి బెంచీలో, దోవ పక్కన కూర్చున్నాడు. సంఘం తప్పు పట్టి శిక్షించినవాళ్లను కూర్చోబెట్టే బెంచీ అది. అక్కడే ఎందుకు కూర్చున్నాడంటే, అంతకంటే ముందుకు నడవలేడు కాబట్టి.

ఎల్డర్ పెటిగ్రూ ఓజెల్లాను లేవమన్నాడు.

"మదర్ టాలీ, ఆ సినిమాలో ఉన్నది మీరేనా?"

"నేనే."

"ఆ రుమాలు ఎందుకెత్తారు?"

యూలా తల వంచుకుంది. ఓజెల్లా వెనక్కి తిరగలేదు. తిరగక్కర్లేదు, వాడు ఎక్కడ కూర్చున్నాడో, ఎలా చూస్తున్నాడో వీపుకు తెలుసు.

"నా కొడుకు వాయిద్యం విని. సంతోషం పట్టలేక."

బెంచీల్లో గుసగుసలు లేచి అణిగాయి. ఎల్డర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమెకు దారి చూపించాలనే ఉంది ఆయనకు.

"మనుషులం, పొరపడతాం. దానికి పశ్చాత్తాపపడుతున్నారు కదా?"

పడుతున్నానని అంటే చాలు. అందులో అబద్ధం కూడా లేదు. అలా చెయ్యి ఎత్తిన గడియను తలుచుకుని ఆమె కుమిలినంతగా ఆ గదిలో ఎవరూ ఏ పాపానికీ కుమిలి ఉండరు. కానీ ఆ మాట వెనక బెంచీ దాకా ఎలా వినబడుతుందో ఆమెకు తెలుసు. నీ పాటకు సంతోషించినందుకు సిగ్గుపడుతున్నాను అని వినబడుతుంది.

"లేదు," అంది. "పడడం లేదు."

ఎల్డర్ ఇంకోసారి అడిగాడు. ఆమె ఇంకోసారి లేదంది. ఆయన ముందు బెంచీవైపు చూడకుండా, వెనక్కి చెయ్యి చూపించాడు.

ఆమె తన బైబిలు తీసుకుంది. తెల్ల టోపీ తీసి బెంచీ మీద పెట్టింది. దోవలో నడుస్తుంటే తాను ఎత్తి ఆడించిన పిల్లలు, తాను పురుడు పోసిన తల్లులు మోకాళ్లు పక్కకు తిప్పుకున్నారు. చివరి బెంచీ దగ్గరికి వచ్చేసరికి వెండెల్ కళ్లు తడిగా మెరుస్తున్నాయి. మొహంలో సగం నవ్వుతోంది. ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంతమంది ముందు చెప్పక్కర్లేదు అమ్మా," అన్నాడు మెల్లగా. "నాకు ముందే తెలుసుగా."

"కాస్త అటు జరుగు," అంది ఓజెల్లా. "ఇక్కడ తలుపుగాలి కొడుతోంది."